తలుపు కోసం చిత్రిక, చిత్రిక కోసం ఎర్రగడ్డ

జనగామ దగ్గర మా తాత కట్టించిన ఇల్లు పడగొట్టేటప్పుడు నేను అడిగి తెచ్చుకున్నది వీధి వాకిలి తలుపు ఒక్కటే. పాత టేకు, రెండు రెక్కలు. ఒక్కో రెక్కను ఇద్దరు మోస్తే గానీ కదలదు. మూసాపేటలో మా ఫ్లాట్‌కి రెండు రెక్కలూ పట్టవు కాబట్టి ఒకదాన్ని పుస్తకాల గదికి బిగించుకున్నాం. ఎండాకాలమంతా చక్కగా పడింది. ఆషాఢంలో నాలుగు వానలు పడేసరికి చెక్క ఉబ్బి, పై అంచు దగ్గర బిర్రుగా పట్టేసింది. భుజంతో నెడితే తప్ప తెరుచుకోదు.

మా వీధి చివర ఉండే చారిగారిని పిలిచాను. డెబ్బై ఏళ్లకు దగ్గర పడిన మనిషి. తలుపు అంచు మీద బొటనవేలు పెట్టి పైనుంచి కింద దాకా రాసి చూశారు.

"దీనికి మిషిన్ పెట్టొద్దు సార్. లోపట పాత మేకుల ముక్కలున్నయ్. మిషిన్ బ్లేడు ఎగిరిపోతది. చేతి రందా అయితే మేకు తగలంగనే చెయ్యికి తెలుస్తది, ఆగొచ్చు."

"అయితే ఆ రందానే పట్టండి."

"నా దగ్గర ఇనుప రందా ఉండె. ప్లైవుడ్ పనిలోకి వచ్చినంక దానితోని పని లేక అమ్మేసిన."

ఆయన రందా అన్నది చిత్రికని, అంటే చెక్కను పలుచటి పొట్టుగా తీసి నున్న చేసే పనిముట్టుని. హైదరాబాద్ వడ్రంగులు ఎక్కువగా రందా అనే అంటారు. మా తాత ఊళ్లో మాత్రం చిత్రిక అనే విన్నాను. రాణిగంజ్ వెళ్లి కొత్తది ఒకటి కొన్నాను. అడుగు సమంగా లేదు, స్టీలు స్కేలు ఆనిస్తే మధ్యలో వెలుతురు కనబడింది. బ్లేడు ఎంత బిగించినా రెండు తోపులకే పక్కకు జరిగేది. చారిగారు దాన్ని ఒకసారి తోసి చూసి పక్కన పెట్టేశారు. "పాతది దొరుకుతదేమో, ఐతారం ఎర్రగడ్డ పోయి చూడండి" అన్నారు. ఐతారం అంటే ఆదివారం, ఎర్రగడ్డలో ఆ రోజు రోడ్డు మీద పాత సామాను అమ్ముతారు. నా వెతుకులాట అలా మొదలైంది. ఇప్పటికి ఏడాది దాటింది.

న్యూజెర్సీలో ఉండే మా చెల్లెలు అక్కడి గ్యారేజ్ సేల్స్ గురించి చెబుతూ ఉంటుంది. శనివారం పొద్దున్నే ఇంటి ముందు బల్ల వేసి, వాడని సామాను మీద ధర కాగితాలు అంటించి అమ్ముకుంటారట. మనకు ఆ అలవాటు లేదు. ఇంట్లో వస్తువులు వాకిట్లో పరిచి అమ్మితే ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అని మొహమాటం. అందుకే మన దగ్గర పెద్దాయన పోయాక ఆయన పనిముట్లు పాత ఇనుము బండి ఎక్కుతాయి, అక్కడి నుంచి తుక్కు దుకాణానికి, అదృష్టం బాగుంటే ఎర్రగడ్డ రోడ్డు మీద పరిచిన పట్టా మీదికి. అదృష్టం బాగా లేనివి కొలిమిలో కరిగిపోతాయి.

ఎర్రగడ్డలో ఆదివారం పొద్దున ఆరున్నరకే పట్టాలు పరవడం మొదలవుతుంది. మిక్సీ జార్లు, నల్లా తలలు, చార్జర్లు, జత లేని బూట్లు, వాటి మధ్య ఇనుము. మొదటి మూడు ఆదివారాలు నేను కొన్నది దాదాపు ఏమీ లేదు, చూసి నేర్చుకున్నదే ఎక్కువ. పరిచే వేళకు వెళితే అమ్మేవాడు ఒక్కో వస్తువునూ గోనెసంచిలోంచి తీస్తుంటే చూడొచ్చు. ఎనిమిది దాటిందా, మెకానిక్‌లు, మళ్లీ అమ్ముకునేవాళ్లు మంచివన్నీ ఏరుకుపోతారు. నా జేబులో ఎప్పుడూ నాలుగు ఉంటాయి: చిన్న అయస్కాంతం, ఆరంగుళాల స్టీలు స్కేలు, టార్చి, కిరసనాయిల్లో తడిపి పిండిన గుడ్డ. ఇత్తడి అని చెప్పినదానికి అయస్కాంతం అంటుకుంటే అది ఇత్తడి పూతే. తుప్పు కింద ఏ పేరుందో, ఏ అంకె ఉందో గుడ్డతో రెండు రుద్దులు రుద్దితే బయటపడుతుంది.

తుప్పంతా ఒకటి కాదని తెలియడానికే నాకు చాలా రోజులు పట్టింది. పైపైన ఎర్రగా పొడిలా ఉన్నది భయపడాల్సింది కాదు, ఒక రాత్రిలో పోతుంది. నల్లగా గుంటలు పడిందంటే ఇనుము తినేసినట్టే. ఆ గుంటలు సుత్తికో పానాకో ఉంటే నష్టం లేదు. ఉలికీ చిత్రిక బ్లేడుకీ అంచు దగ్గర, చదునైన వైపు ఉంటే మాత్రం ఎంత సాన పట్టినా పదును నిలవదు. ఎందుకంటే పదును అంటే రెండు నున్నని తలాలు కలిసే గీత. ఒక తలం గుంటలమయం అయితే ఆ గీత రంపప్పళ్లలా వస్తుంది. ఉలి కొనేటప్పుడు అందరూ వాలుగా ఉన్న ముఖం చూస్తారు. చూడాల్సింది వీపు.

పానాల సంగతి వేరే. ఒక పానా మీద 1/2 డబ్ల్యు అని ఉంటే నోరు అరంగుళం ఉంటుందనుకున్నాను. స్కేలు పెడితే ఇరవైమూడు మిల్లీమీటర్లకు పైనే వచ్చింది. డబ్ల్యు అంటే విట్‌వర్త్, 1841 నాటి బ్రిటిష్ మరల కొలత. అంకె చెప్పేది బోల్టు కాడ మందం, పానా నోరు కాదు. ఆ పట్టా దగ్గరే పరిచయమైన ఒక పాత బుల్లెట్ మెకానిక్ ఈ సంగతి ఓపిగ్గా చెప్పి, చివరికి ఆ పానా తనే కొనుక్కున్నాడు. ఇంకో ఆదివారం డ్రిల్లు బిట్టును బిగించి పట్టే చక్ ఒకటి దొరికింది, మీద ప్రాగా అని ఉంది. 1943లో సికింద్రాబాద్‌లో మొదలైన ప్రాగా టూల్స్ అది. మన ఊరి కార్ఖానాలో తయారై, ఏ లేత్ షాపులోనో ఏళ్లు తిరిగి, ఎర్రగడ్డ రోడ్డు మీదికి వచ్చింది. దాని దవడలు ఇప్పటికీ సమంగా మూసుకుంటాయి. నూటయాభైకి తెచ్చుకున్నాను.

ఒక మాట గట్టిగా చెప్పాలి. రైల్వే గుర్తు కొట్టిన పెద్ద పానా ఒకటి చూశాను, బరువూ పనితనమూ చూస్తే వదలబుద్ధి కాలేదు. అయినా వదిలేశాను. 1966 నాటి రైల్వే ఆస్తుల అక్రమ స్వాధీన చట్టం ప్రకారం దొంగిలించిందన్న అనుమానం ఉన్న రైల్వే సొత్తు మన దగ్గర దొరికితే, అది న్యాయంగా వచ్చిందని నిరూపించుకోవాల్సింది మనమే. ఏలంలో అమ్మినదే కావచ్చు, రోడ్డు మీద కొన్నదానికి రసీదు ఎవరిస్తారు? అలాగే కొత్తగా మెరుస్తూ, ఏ పనివాడి సంచిలోంచో నిన్ననే పోయినట్టున్న డ్రిల్లింగ్ మిషన్లు కూడా నేను ముట్టుకోను. అది పోగొట్టుకున్నవాడికి ఆ రోజు కూలి కూడా పోయి ఉంటుంది.

నాలుగో వారం సెలవు పెట్టి గురువారం జుమ్మెరాత్ బజార్ వెళ్లాను. పురానాపూల్ దగ్గర. 1578లో కట్టిన వంతెన అది, దాని అవతల కూడా పాత సామానే పరుచుకుని ఉంటుంది. అక్కడ బేరం నెమ్మదిగా సాగుతుంది. తొందరపడితే ధర పెరుగుతుంది. ఒక ముసలాయన పట్టా మీద పిడి లేని ఉలి కనబడింది. గుడ్డతో రుద్దితే కాస్ట్ స్టీల్ అనే అక్షరాలు తేలాయి.

ఈ రెండు మాటలు చూసి పోత ఇనుము అనుకుని వదిలేసేవాళ్లు ఉన్నారు. అది పోత ఇనుము కాదు. మూసలో కరిగించి పోసిన ఉక్కు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో బెంజమిన్ హంట్స్‌మన్ 1740లలో ఆ పద్ధతి కుదిర్చాడు. తర్వాత వందేళ్లకు పైగా మంచి ఉలి మీద ఆ ముద్ర ఉండేది. అయితే మూసలో ఉక్కు చేయడం మన తెలంగాణకు అంతకన్నా చాలా ముందే తెలుసు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో చేసిన ఉక్కు ముద్దలను కత్తుల కోసం పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. పురానాపూల్ దగ్గర నేల మీద కూర్చుని ఆ ఉలిని చేతిలో పట్టుకుంటే ఇదంతా గుర్తొచ్చి కాసేపు లేవలేకపోయాను. అంచు కాస్త చిట్లింది గానీ వీపు శుభ్రంగా ఉంది. ఎనభై రూపాయలు. తుమ్మ కర్రతో పిడి చేయించాను.

చిత్రిక మాత్రం ఆరో ఆదివారం గానీ కనబడలేదు. తాళాల గుట్ట కింద నుంచి ముందు చెక్క గుండీ ఒకటి కనిపించింది. లాగితే పధ్నాలుగు అంగుళాల ఇనుప ఒళ్లు బయటికొచ్చింది. తుప్పు కింద అక్కడక్కడ నీలం రంగు. గుడ్డతో ముందు భాగం రుద్దాను. సున్నా, తర్వాత ఐదు. 05. గుండె ఝల్లుమంది. షెఫీల్డ్ రికార్డ్ కంపెనీ 1931లో చిత్రికలు మొదలుపెట్టినప్పుడు అమెరికాలోని స్టాన్లీ కంపెనీ చిత్రికల నమూనానే తీసుకుని అంకె ముందు సున్నా చేర్చింది. స్టాన్లీ ఐదో నంబరు ఎలాంటిదో ఇది అలాంటిదే, మొరటు పనికీ నున్న పనికీ మధ్య నిలబడేది, తలుపు అంచుకు సరిగ్గా సరిపోయేది.

బోర్లించి చూశాను. అడుగున బ్లేడు బయటికి వచ్చే సందు ఉంటుంది కదా, పోత ఇనుము పగిలేది ఎక్కువగా అక్కడే, ఎప్పుడో కింద పడినప్పుడు. టార్చి వేసి, గోటితో గీకి చూశాను. పగులు లేదు. వేలితో కొడితే గంటలా పలికింది. అతుకు వేసినదైతే ఆ పలుకు రాదు. మరలు తిరిగాయి. వెనక పిడి విరిగింది గానీ ముక్క ఊడలేదు. లేనిదల్లా అసలుదే. బ్లేడూ లేదు, బ్లేడు వీపున బిగించే రెండో రేకూ లేదు.

"పదిహేను వందలు" అన్నాడు.

"బ్లేడు లేదు కదా అన్నా. ఇది దేనికి పనికొస్తది?"

"పనికి రానిదైతే గంత సేపు ఎందుకు చూస్తున్నవ్?"

ఏడువందలకు కుదిరింది. బ్లేడు దొరికితే తీసిపెట్టమని నంబరు ఇచ్చి వచ్చాను. తర్వాత ఐదు వారాలు ప్రతి పట్టా దగ్గరా రెండంగుళాల వెడల్పు బ్లేడు ఉందా అని అడుగుతూ తిరిగాను. లేదు. ఊడిన బ్లేడు చూసేవాడికి ఇనుప రేకు ముక్కే, తుక్కులో అన్నిటికంటే ముందు పోయేది అదే.

ఈలోగా తుప్పు పని చూసుకున్నాను. ముందు ఒక పాత ఉలిని వెనిగర్‌లో వేసి మూడు రోజులు మర్చిపోయాను. తీసేసరికి తుప్పుతో పాటు అంచు కూడా గరుకుగా తినేసింది. వెనిగర్ అయితే ఒక్క రాత్రే, అదీ కనిపెట్టుకుని ఉండాలి. చిత్రికకు కరెంటు పద్ధతి వాడాను. ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్లు, గుప్పెడు వాషింగ్ సోడా. పన్నెండు వోల్టుల బ్యాటరీ చార్జర్ తీసుకుని, ప్లస్ తీగ పనికిరాని మామూలు ఇనుప చువ్వకు, మైనస్ తీగ చిత్రికకు తగిలించాలి. రెండూ ఒకదానికొకటి తగలకూడదు. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, నిప్పు తగిలితే మండుతుంది. అందుకే బాల్కనీలో పెట్టుకున్నాను, గదిలో ఎప్పుడూ పెట్టను. చువ్వ బదులు స్టెయిన్‌లెస్ స్టీలు గరిటె పెట్టకండి, అందులోని క్రోమియం విషమై నీళ్లలో కలుస్తుంది. పొద్దున్నే తీసి బ్రష్‌తో తోమితే నల్లటి మడ్డి జారిపోయి బూడిద రంగు ఇనుము బయటపడింది. వెంటనే తుడిచి, ఆరబెట్టి, నూనె పూయకపోతే గంటలోనే మళ్లీ ఎర్రబడుతుంది. ఇత్తడి మరకు చింతపండు గుజ్జు చాలు, మా అమ్మ దేవుడి సామానుకు పట్టినట్టే పట్టాను. అడుగును దళసరి అద్దం మీద ఉప్పుకాగితం అంటించి నాలుగు సాయంత్రాలు రుద్దాను.

అప్పుడు ఆఫీసులో ఒకతను చెప్పాడు, తార్నాకలో వాళ్ల పిన్ని ఇల్లు ఖాళీ చేస్తోందని. బాబాయి ఐటీఐలో వడ్రంగం నేర్పేవారట, పోయి మూడేళ్లయింది. పెట్టె పాత ఇనుమువాడికి ఇచ్చేస్తున్నారన్నాడు. ఆ సాయంత్రమే వెళ్లాను.

ఆమె పెట్టె తెరిచి పక్కన కుర్చీలో కూర్చున్నారు. ఉలులు వెడల్పుల వరుసలో, ఒక్కోదానికీ తోలు తొడుగు. రంపం పళ్లకు చీల్చిన ప్లాస్టిక్ పైపు. ఏదీ ఒకదానికొకటి తగలకుండా సర్ది ఉంది. నేను చేయి పెట్టబోతూ ఆగాను.

"నువ్వు పని చేస్తావా నాయనా, లేక కొని అమ్ముతావా?" అని అడిగారు.

"పని ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నానమ్మా. అమ్మను."

"చూడు అయితే. బండివాడు కిలో ముప్పై అన్నాడు. మొత్తం ఇరవై కిలోలు ఉంటుందట."

ఆరువందలు. ఆ పెట్టెలో ఒక్క ఉలుల వరుసే అంతకు ఎన్నో రెట్లు చేస్తుంది. ఎర్రగడ్డలో నేను బేరం ఆడతాను, అమ్మేవాడు కూడా ఆడతాడు, అది సమానుల మధ్య ఆట. ఇక్కడ నోరు మూసుకుని ఆ ధరకు ఎత్తుకుపోతే అది మోసం. ఉన్నమాట చెప్పాను. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లను అడగండి, బండివాడికి మాత్రం ఇవ్వకండి అన్నాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నీకేం కావాలో తీసుకో" అన్నారు.

పెట్టె అడుగున క్యాలెండర్ కాగితంలో చుట్టిన పొట్లం ఉంది. విప్పితే గ్రీజు పూసిన బ్లేడు, దానికి బిగించి రెండో రేకు. స్కేలు పెట్టాను. రెండంగుళాలు. స్టాన్లీ నాలుగు, ఐదు నంబర్లకూ రికార్డ్ 04, 05లకూ వెడల్పు ఒకటే. కాగితం మీద తేదీ 1991 మార్చి. ఆయన విడి బ్లేడు దాచుకున్నారు, ఎప్పటికైనా పనికొస్తుందని. దానికీ, చెక్క మీద గీత గీసుకునే ఒక మార్కింగ్ గేజ్‌కీ నేను చెప్పిన ధర ఆమె తీసుకోలేదు, అందులో సగం తీసుకున్నారు. "వాడినప్పుడు ఒకసారి చూపించు" అన్నారు.

ఇంటికి రాగానే ఆ బ్లేడును గ్రైండర్ మీద పెట్టి కొత్తగా సాన పట్టిద్దామనుకున్నాను. చారిగారు చేయి అడ్డం పెట్టి ఆపారు. కిటికీ వెలుతురుకు ఎత్తి చూపించారు. అంచు పూర్తిగా తిన్నగా లేదు, రెండు మూలలూ వెంట్రుకవాసి అంత వెనక్కి తగ్గి ఉన్నాయి.

"ఇది పనోడు నూరిన బ్లేడు సార్. మూలలు గిట్ల తీస్తేనే చెక్క మీద గీతలు పడవు. గ్రైండర్ పెడితే ఆయన చెయ్యి పోతది. సానరాయి మీద ఒత్తకుండ పది సార్లు రాయండి, సాలు."

పది సార్లు రాశాను. అంతకు మించి ముట్టుకోలేదు. రెండో రేకును అంచుకు మిల్లీమీటరు వెనక బిగించారు ఆయన. లేచిన పొట్టును లేచిన చోటే విరిచేది ఆ రేకే, అది లేకపోతే పొట్టు కింది నార కూడా పీక్కుని వస్తుంది. పిడిని జిగురు పెట్టి అతికించి రెండు రోజులు కట్టి ఉంచాం.

తలుపు దింపి అడ్డంగా నిలబెట్టాం. మొదటి తోపు చారిగారిది, పిడి నా చేతికిచ్చి నా చేతి మీద తన చెయ్యి వేసి తోశారు. మొదలుపెట్టేటప్పుడు బరువు ముందు గుండీ మీద, ముగించేటప్పుడు వెనక పిడి మీద. మూడో తోపులో కిర్రుమని తగిలింది, మేకు. ఆయన చెప్పినట్టే చెయ్యికి ముందు తెలిసింది. ఆగి, సన్నటి శానంతో మేకు ముక్కను లోపలికి దించి మళ్లీ పట్టాం. పొట్టు సన్నటి చుట్టలుగా లేచింది, ఎదురుగా పెడితే వెలుతురు కనబడేంత పలుచన. మొత్తం తీసింది రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. ఈ ఏడాది వానలకు తలుపు ఒక్క వేలితో పడుతోంది.

తలుపు పని అయిన మర్నాడు రెండు పొట్టు చుట్టలు చిన్న స్టీలు డబ్బాలో పెట్టుకుని తార్నాక వెళ్లాను. పెట్టె అప్పటికే ఆయన శిష్యుడొకరు తీసుకెళ్లారని చెప్పారు ఆమె. డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"పాత టేకు" అన్నారు. "కొత్తదానికి ఈ వాసన రాదు."

కాఫీ ఇచ్చి, వంటింట్లోకి చూపించారు. "వచ్చినవాడివి ఎలాగూ వచ్చావు. ఆ కింది సొరుగు వానాకాలం మొత్తం పట్టేస్తుంది. ఆయన చేసిందే. చిత్రిక తెచ్చావా?"

స్కూటర్ డిక్కీలోనే ఉంది. తేవడానికి కిందికి దిగాను.